మాంచెస్టర్ దూలాలు, ఆళ్ళగడ్డ దంతెలు

మాంచెస్టర్ నడిబొడ్డున, కెథడ్రల్ పక్కన, ఓల్డ్ వెల్లింగ్టన్ అని ఒక పబ్బుంది. 1552లో కట్టిన కొయ్య ఇల్లు. ఊరి నుంచి చుట్టాలెవరొచ్చినా ఫుట్‌బాల్ స్టేడియం చూపించాక అక్కడికి తీసుకుపోతాను. తాగడానికే అనుకుంటారు పాపం. నేను పిలుచుకుపోయేది కప్పు చూపించడానికి.

లోపల తలెత్తి చూస్తే ఓక్ దూలాల్లో తిన్నగా ఉన్నది వెతుక్కోవాలి. అది పనితనం లోపం కాదు. ఓక్ ఎండితే ఉలికి లొంగదు కాబట్టి ఆ కాలం వడ్రంగులు పచ్చి కొయ్యనే చెక్కేవాళ్ళు. దూలం చివరను నాలుకలా మలిచి, కంబంలో తొలిచిన బెజ్జంలోకి దూర్చి, రెండింటికీ కలిపి అడ్డంగా ఒక ఓక్ చీల దిగ్గొట్టేవాళ్ళు. ఇనుప మేకుతో పని లేదు. ఏళ్ళ తరబడి ఎండుతూ కొయ్య మెలి తిరుగుతుంది. తిరిగేకొద్దీ అతుకు బిగుస్తుంది. ఇంకో విశేషం ఏమిటంటే, ఇలాంటి ఇళ్ళను ముందు వడ్రంగి దొడ్లోనే నేల మీద పరిచి కూర్చేవాళ్ళు. ఏ ముక్క ఎక్కడిదో తెలిసేలా రోమన్ అంకెల గాట్లు పెట్టి, మళ్ళీ విప్పి, బండ్ల మీద తెచ్చి నిలబెట్టేవాళ్ళు. కంబాల మధ్య సందుల్లో తడిక అల్లి, గడ్డీ పేడా కలిపి తొక్కిన మట్టి మెత్తేవాళ్ళు. పేడ మాట చెప్పగానే మావాళ్ళ మొహాలు వెలుగుతాయి. "వీళ్ళ ఇండ్లకు గూడానా!"

ఆ నల్ల దూలాలు, తెల్ల గోడల సొగసుంది చూశారూ, అది చాలామటుకు విక్టోరియా రాణి కాలపు మోజు. అంతకుముందు చాలాచోట్ల ఓక్‌ను అలాగే వదిలేస్తే బూడిద రంగుకు తిరిగేది. క్యాలెండర్ బొమ్మల్లో మనం చూసే పాత ఇంగ్లండ్ సగం తారూ సున్నమూ మహిమే.

ఓల్డ్ వెల్లింగ్టన్ మాత్రం ఇప్పుడున్న చోట పుట్టింది కాదు. 1970లలో చుట్టూ కొత్త కట్టడాలు లేస్తుంటే దాన్ని దాదాపు ఐదడుగులు పైకెత్తారు. 1996 జూన్ 15న ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ (ఐఆర్ఏ) బాంబు ఊరి మధ్య భాగాన్ని ఛిద్రం చేసినప్పుడు దెబ్బతింది గానీ కూలలేదు. తర్వాత ఊరి నడుమను మళ్ళీ కట్టే పథకానికి అడ్డమొచ్చింది. విప్పి 300 మీటర్ల అవతల నిలబెట్టి, 1999లో మళ్ళీ తెరిచారు. చీలల మీద నిలిచిన ఇల్లు కదా, విప్పడానికి ఒప్పుకుంది.

విప్పి కట్టడం మనకు తెలియని విద్యేం కాదు. శ్రీశైలం ముంపులో పోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాళ్ళు విప్పి తెచ్చి అలంపురంలో నిలబెట్టారు. అది దేవుడి ఇల్లు. మనుషుల ఇండ్ల సంగతి వేరు.

మాది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. మా పాత ఇల్లు చవుడు మిద్దె. రాతి గోడలు, పడసాలలో టేకు కంబాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దగ్గరదగ్గరగా దంతెలు, ఆపైన కట్టెపేళ్ళు పరిచి మన్ను, అన్నిటికీ పైన చవుడు. కలప నల్లమలది. పంట పండని ఆ చవుడు నేలే ఇంటిని కాపాడేది. చవుడు మన్నులోని ఉప్పు గుణం వల్ల, వాన తగలగానే సన్నని రేణువులు విడివడి సందులన్నీ పూడ్చేస్తాయి. నీళ్ళు కిందికి దిగవు, దోనె గుండా వీధిలో పడతాయి. అయితే ఏటా వానలకు ముందు కొత్త చవుడు తోలి, పరిచి, తొక్కాలి. ఒక్క ఏడు బద్ధకిస్తే కారుతుంది. కారితే దంతె చివుకుతుంది, దంతె వెనకే దూలం. ఎర్రటి ఎండలో కూడా పడసాల చల్లగా ఉండేదంటే ఆ మన్ను మందమే కారణం. ఇప్పటి స్లాబు కింద రాత్రి పదింటికి కూడా పడుకోలేం.

మనవాళ్ళకు పాతవాటి మీద ప్రేమ లేదని ఇక్కడి మిత్రులు ఈసడిస్తుంటారు. నేను ఒప్పుకోను. ఓల్డ్ వెల్లింగ్టన్‌ను చట్టం కాపాడింది నిజమే, కానీ అంతకంటే ముందు కాపాడింది బీరు. 1830 నాటికే అందులో అమ్మకం మొదలైంది. వచ్చే డబ్బులో కొంత కప్పుకు పోతుంది. మా మిద్దె ఎవరికి ఏం అమ్మింది? ఆళ్ళగడ్డ శిల్పులనే చూడండి. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఉలి చప్పుడు ఆగలేదు. ఎందుకంటే ఊరూరా గుళ్ళు లేస్తున్నాయి, దేవుళ్ళు కావాలి. ద్వారబంధానికి చిలుకలు చెక్కిన వడ్లాయనకు అలాంటి గిరాకీ లేకపోయింది. ఆయన కొడుకు నంద్యాలలో ప్లైవుడ్ అల్మారాలు బిగిస్తాడు.

మా మిద్దె దించేటప్పుడు పెదనాయనకు ఫోన్ చేసి, కంబాలకూ దూలాలకూ అంకెలు వేయించమన్నాను. ఎప్పటికైనా మళ్ళీ నిలబెట్టొచ్చని నా ఆశ.

"నిలబెట్టి చవుడెవరు తోలాలబ్బీ? మిద్దెక్కి తొక్కే కూలోడు యాడున్నాడు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి కంబాలు, తలుపులు కొనుక్కుపోయాడు. ఊరి బయట పెట్టే రెస్టారెంటు కోసమట. నాకు నచ్చలేదు గానీ, నా వాదం ప్రకారమే అయితే వాటికి అంతకంటే మంచి చోటు లేదు. బిర్యానీ అమ్ముడుపోయినన్నాళ్ళు వాటికి చెద పట్టనివ్వరు.

దూలాలు మాత్రం మరీ పొడుగని ఆయన తీసుకోలేదు. మొన్న పబ్బు ఫోటోలు పంపితే పెదనాయన కప్పును పెద్దది చేసుకుని చూశాడట.

"వాళ్ళవన్నీ వంకరే గదరా. మనవి తిన్నగా ఉండాయి. ఆ సారాయంగడోళ్ళకు కావాల్నేమో అడుగు, కొలిచి పెట్టినా."