సర్టిఫికెట్ తర్వాతి రెండేళ్లు

కంచరపాలెం ఐటీఐ జంక్షన్‌లో ఆటో దిగితే, పని వెతుక్కునే కుర్రాడికి కావలసినవన్నీ ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి. ప్రభుత్వ ఐటీఐ, పాలిటెక్నిక్, జిల్లా ఉపాధి కార్యాలయం ఇక్కడివే. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు తెచ్చుకుని, రెన్యువల్ చేయించుకుంటూ, సీనియారిటీ ఎప్పుడు పండుతుందా అని ఒక తరం మొత్తం కాచుకుంది. ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలియజేయాలని 1959 చట్టం చెప్పిందే తప్ప, అక్కడి పేర్లలోంచే మనిషిని తీసుకోవాలని చెప్పలేదు. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో 1996లో సుప్రీంకోర్టు పత్రికా ప్రకటన కూడా ఇవ్వాలని, దరఖాస్తు చేసిన వారందరినీ పరిశీలించాలని తేల్చాక ఆ కార్డు విలువ పడిపోయింది. ఇప్పుడు దాని చోటులోకి జాబ్ మేళా, స్కిల్ సర్టిఫికెట్ వచ్చాయి. కాచుకోవడం మాత్రం పోలేదు. కంచరపాలెం నుంచి గాజువాక మీదుగా పెదగంట్యాడ దాకా ఈ శిక్షణ వ్యవస్థను చూసుకుంటూ వెళితే నాకు తోచింది ఇది: విశాఖలో నేర్పేవాళ్లకు కొరత లేదు. నేర్చుకున్న మర్నాటి నుంచి పక్కన నిలబడేవాళ్లకే కొరత.

నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలునే చూడండి. ఐటీఐ పాసైన పిల్లలు అక్కడ నేర్చుకునే ఫిట్టర్, వెల్డర్ పనికి అర్థం చెప్పేది ఎదురుగా రిపేరుకొచ్చిన ఓడ. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. అయినా ఆ కుర్రాడు బయటికి వచ్చేటప్పుడు, ఏ తప్పు చేస్తే పని ఆగిపోతుందో తెలిసినవాడై వస్తాడు. క్లాసురూములో మూడు నెలలు కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడికి, ఎంత తెలివైనవాడైనా, ఆ భోగట్టా అందదు. మేళా ముగిశాక ఎంతమంది ఎంపికయ్యారో పత్రికల్లో వస్తుంది. ఏడాది గడిచాక అందులో ఎంతమంది ఇంకా ఆ పనిలో ఉన్నారన్నది వార్త కాదు. నిజానికి చదవాల్సింది ఆ రెండో అంకె.

సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకునేవారి సంగతిలో, శిక్షణ తర్వాతా తోడు కావాలని ప్రభుత్వానికి తెలియక కాదు. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో మొదలైన రుడ్‌సెటీ అనే శిక్షణ సంస్థ నమూనాతోనే తర్వాత జిల్లాకొక గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ వచ్చింది. భోజనం, వసతితో ఉచిత శిక్షణ ఇచ్చాక రెండేళ్లపాటు అభ్యర్థిని గమనిస్తూ సాయం చేయాలన్నది ఆ నమూనా ప్రాణం. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో 15 నుంచి 35 శాతం దాకా వచ్చే సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. మొదటి మూడేళ్లే గండమని రూల్ రాసినవాళ్లకు తెలుసన్నమాట. కాకపోతే గండం దాటకపోతే జవాబు చెప్పాల్సింది ఎవరో తేలదు.

పెదగంట్యాడ దగ్గర 270 ఎకరాల్లో ఉన్న మెడ్‌టెక్ జోన్ ఇక్కడే వేరుగా కనిపిస్తుంది. 2016లో పుట్టిన ఈ సంస్థలో నన్ను ఆకట్టుకున్నవి శిక్షణ తరగతులు కావు. వైద్య పరికరం తయారుచేసే చిన్న కంపెనీ ఎన్నటికీ సొంతంగా కొనలేని విద్యుదయస్కాంత పరీక్షల ల్యాబు, బయోమెటీరియల్ పరీక్షలు, గామా కిరణాలతో శుద్ధిచేసే కేంద్రం, అన్నీ ఉమ్మడిగా ఒకే ఆవరణలో ఉన్నాయి. పరీక్ష నెగ్గని పరికరాన్ని ఆసుపత్రి కొనదు. పరీక్షకు వేరే ఊరు తిరగాల్సి వస్తే పెట్టుబడి దారిలోనే అయిపోతుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వెంటిలేటర్లు, పరీక్ష కిట్లు ఇక్కడి నుంచి త్వరగా బయటికి రావడానికి ఈ ఏర్పాటే కారణం.

ఇది ఇంజనీర్ల ముచ్చట, పాడేరు నుంచి వచ్చి కుట్టు నేర్చుకున్న అమ్మాయికి గామా కిరణాలెందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆమెకు కావలసిన ఉమ్మడి సౌకర్యం ల్యాబు కాదు, కొనుగోలుదారు. ఆ పని మార్కెట్ చూసుకోవాలి, ప్రభుత్వం కాదనేవారున్నారు. కానీ విశాఖలో పెద్ద కొనుగోలుదార్లు స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డులాంటి ప్రభుత్వ సంస్థలే. 2012 నాటి కొనుగోలు విధానం, తర్వాతి సవరణలతో కలిపి, ఏటా 25 శాతం చిన్న సంస్థల దగ్గరే కొనమంటోంది. అందులో మహిళలకు 3, ఎస్సీ ఎస్టీలకు 4 శాతం. యూనిఫాం, చేతి తొడుగులు, క్యాంటీన్ సరుకులు ఎవరి దగ్గరైనా కొనక తప్పదు కదా. శిక్షణ కేంద్రం గోడ మీద ఆ కొనుగోళ్ల జాబితా ఒక్కటి అంటించినా సగం పని అయినట్టే.

ఇంకో అభ్యంతరం బరువైనది. పెద్ద ఫ్యాక్టరీని నమ్ముకున్నందుకే గాజువాక ఆటోనగర్‌లోని చిన్న యూనిట్లు నలిగాయంటారు. 2024లో స్టీల్‌ప్లాంటు మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఒక్కటే నడిచిన రోజులున్నాయి. 11,440 కోట్ల ప్యాకేజీ 2025 జనవరిలో గాని రాలేదు. నిజమే. అయితే అది ఒకే గుమ్మం పట్టుకు వేలాడొద్దని చెబుతుందే తప్ప, గుమ్మమే వద్దని కాదు. ఇక ఆ గుమ్మం నుంచి రావాల్సిన డబ్బు సంగతి: 45 రోజుల్లో చిన్న సంస్థకు బిల్లు చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. ఫిర్యాదు చేస్తే వచ్చే ఆర్డరు పోతుందని కొత్తగా మొదలుపెట్టినవాడు నోరు మెదపడు. అతని తరఫున ఆ ఫిర్యాదు రాయడం కూడా శిక్షణ సంస్థ పనిలో భాగం కావాలి.

మనవాళ్లకు పర్మినెంటు ఉద్యోగం మీద తప్ప వ్యాపారం మీద మోజు లేదన్న మాట కూడా ఇక్కడ తరచూ వినిపిస్తుంది. స్టీల్‌ప్లాంటుకు 64 గ్రామాల వాళ్లు భూములిచ్చి, బదులుగా నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు పుచ్చుకున్న ఊరు ఇది. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. ఆ మోజు సోమరితనం కాదు, రావలసిన బాకీ. ఉద్యోగం దక్కని ఆర్ కార్డు కుటుంబాలకు స్వయం ఉపాధి గురించి ఉపన్యాసం ఇచ్చేముందు, వాళ్ల పిల్లలు పెట్టుకునే యూనిట్లకు మొదటి ఆర్డరు ప్లాంటు గేటు లోపలి నుంచే రావాలి.