మనోహర్‌పూర్ తర్వాత

1999 జనవరి 22 రాత్రి ఒరిస్సాలోని కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామంలో ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు తమ వాహనంలోనే నిద్రపోయారు. అర్ధరాత్రి దాటాక వచ్చిన గుంపు దానికి నిప్పంటించింది. గ్రాహం స్టెయిన్స్‌కు అప్పటికి 58 ఏళ్లు. ఫిలిప్‌కు పది, తిమోతికి ఆరు. ఆ రాత్రి సంగతి దేశమంతటికీ తెలుసు. దానికి ముందు మూడు దశాబ్దాలు ఆ మనిషి ఏం చేశాడో, తర్వాత ఆయన భార్య ఏం చేసిందో అంతగా గుర్తు లేదు.

గ్రాహం 1965లో ఆస్ట్రేలియా నుంచి మయూర్‌భంజ్ జిల్లా బారిపదకు వచ్చారు. కుష్ఠువ్యాధి సోకిన మనిషిని సొంత ఇల్లే గడప దాటించి వెలివేసే కాలమది. అటువంటివారి పుండ్లు కడిగి కట్టు కట్టడం ఆయనకు నిత్యకృత్యమైంది. ఒడియా ధారాళంగా నేర్చుకున్నారు. 1983లో తన దేశానికే చెందిన నర్సు గ్లాడిస్‌ను వివాహమాడారు. ఒక కూతురు, ఇద్దరు కొడుకులు పుట్టారు. సేవ కోసం వచ్చిన ఒంటరి యువకుడు బారిపదలో గృహస్థుడయ్యాడు. పరాయి ఊరు పిల్లలకు పుట్టినూరైంది.

ఆ ఇంట్లో చివరకు తల్లీ కూతుళ్లే మిగిలారు. అంత్యక్రియల వేళ ఇద్దరూ కలిసి ప్రార్థనాగీతం పాడారు. హంతకులను క్షమిస్తున్నానని గ్లాడిస్ ప్రకటించారు. ఈ మాటను కొందరు దైవత్వంగా కొనియాడారు, కొందరు అనుమానించారు. అది ఒక్క రోజులో పుట్టిన మాట కాదన్న సంగతిని మాత్రం ఇరువర్గాలూ విస్మరించాయి. లోకం అసహ్యించుకున్న దేహాలను ఏళ్లతరబడి తాకుతూ వచ్చిన చేతులవి. ద్వేషాన్ని దరిచేరనివ్వకపోవడం ఆ చేతులకు ముందే అలవాటై ఉండాలి. ఆమె వెంటనే స్వదేశానికి వెళ్లిపోలేదు. మరో ఐదేళ్లు బారిపదలోనే ఉండి రోగుల ఆశ్రమాన్ని నడిపారు. భర్త పేరిట ఆసుపత్రి నిలిపారు. 2004లో ఆస్ట్రేలియాకు వెళ్లారు. 2005లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది.

ఇక రాజకీయం. మతమార్పిడిపై ఒరిస్సాలో వివాదం స్టెయిన్స్‌తో మొదలైంది కాదు. ఆ రాష్ట్రం 1967లోనే దానిపై చట్టం చేసింది. సేవ చేసే చేతికి విశ్వాసం ఉన్నప్పుడు, ఆ సేవ వెనుక ఏముందని అడగడం ప్రజాస్వామ్యంలో తప్పు కాదు. అడగడానికి చట్టం ఉంది, న్యాయస్థానం ఉంది. ఆ ప్రశ్నకు ఏ జవాబు వచ్చినా, నిద్రపోతున్న ఆరేళ్ల పసివాడిని కాల్చడానికి అది కారణం కాజాలదు. ఇక్కడ ‘కానీ’ అని మొదలయ్యే ప్రతి వాక్యమూ నేరం వైపు ఒక అడుగు వేస్తుంది. 2011లో దారాసింగ్ యావజ్జీవ శిక్షను ఖరారు చేసిన సుప్రీంకోర్టు తీర్పులోనూ, స్టెయిన్స్‌కు గుణపాఠం చెప్పాలన్న ఉద్దేశం గురించి ఒక వాక్యం చేరింది. విమర్శలు రావడంతో కొద్ది రోజులకే ధర్మాసనమే దాన్ని మార్చింది.

క్షమను, శిక్షను కలగలపకూడదన్నది గ్లాడిస్ వైఖరి. క్షమ ఆమె సొంతం, శిక్ష రాజ్యం బాధ్యత. 2025 ఏప్రిల్‌లో మరో దోషి సత్ప్రవర్తన ప్రాతిపదికన పాతికేళ్ల తర్వాత జైలు నుంచి విడుదలయ్యాడు. అది నిబంధన ప్రకారం రాజ్యం తీసుకున్న నిర్ణయం. ఆమె క్షమను దానికి సాక్ష్యంగా చూపడం సరికాదు. బాధితురాలు పగను వదులుకున్నంత మాత్రాన రాజ్యం తన కర్తవ్యాన్ని వదులుకోరాదు.

విశ్వాసం, సేవ, కుటుంబం మనిషిని మారుస్తాయని తేలికగా అంటాం. ఎటు మారుస్తాయన్నదే అసలు ప్రశ్న. మనోహర్‌పూర్‌కు వచ్చిన గుంపు కూడా తనది విశ్వాసమే అనుకుంది. రెండు విశ్వాసాల మధ్య తేడా గ్రంథాల్లో వెతికితే దొరకదు. మరునాడు ఉదయం ఎవరి చేతులు ఏ పని చేశాయో చూస్తే తెలుస్తుంది. బారిపద ఆశ్రమంలో రోగుల పుండ్లకు కట్టు కట్టే పని ఆగలేదు.