గుర్రం జారిన గిటారు

మేము తెలుగు బోధించేవారము. యతి తప్పిన పద్యాన్ని చెవితో పట్టుకోగలము గాని, గిటారు విషయంలో మా పాండిత్యం దానికి ఆరు తీగలుంటాయన్న దగ్గరే ఆగిపోయేది. అటువంటి మేము కిందటి ఫిబ్రవరిలో ఒక గిటారు మంచిచెడ్డలు నిర్ణయించవలసి వచ్చింది. నిర్ణయించాము. తప్పుగా నిర్ణయించాము. ఆ తప్పు ఎట్లా జరిగినదో, ఎట్లా బయటపడినదో మా విద్యార్థులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ దాచకుండా చెప్పుకోవడం ఉచితమని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు ఒక మధ్యాహ్నం నల్లటి పెట్టె ఒకటి మోసుకుంటూ స్టాఫ్ రూముకు వచ్చాడు. అతని తండ్రి ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవారు. పెళ్ళిళ్ళకూ, శ్రీరామనవమి పందిళ్ళకూ, దసరా ఉత్సవాలకూ గుడివాడ, బందరు, అవనిగడ్డ దాకా తిరిగి వాయించిన మనిషి. రెండేళ్ళ కిందట గతించారు. ఇంట్లో ఆస్తి అనదగినది ఆ పెట్టెలో ఉన్నదే. చెల్లెలి ఇంటర్ ఫీజు కట్టవలసి ఉన్నది.

“దీన్ని నాలుగు వేలకు అడుగుతున్నారు సార్. ఆదివారం వచ్చి తీసుకుపోతామన్నారు. ఇవ్వమంటారా? మీరు నూజివీడు వారు కదా, వీణల మధ్య పెరిగామని క్లాసులో చెప్పారు. మీరెంతంటే అంతే.”

క్లాసులో మేము చెప్పిన మాట నిజమే. నూజివీడు మామిడికెంత పేరో వీణకూ అంత పేరు. మా వీధి చివర వీణలు చేసే కార్ఖానా ఉండేది. బడి వదలగానే అక్కడ కూర్చుని పనసదుంగను తొలిచి కుండ చేయడం, మైనం కరిగించి మెట్లు నిలబెట్టడం చూసేవాళ్ళము. చూడటం వేరు, తెలియడం వేరు. ఆ తేడా విద్యార్థి ముందు ఒప్పుకోవడానికి మాకు నోరు రాలేదు.

పెట్టె తెరిచాము. అంచుల వెంట నలుపు, నడుమకు వచ్చేసరికి తేనెరంగు. పైచెక్క ఫిడేలు చెక్కవలె కొంచెం ఉబ్బెత్తుగా ఉండి, అటొకటి ఇటొకటి ఎఫ్ అక్షరం వంటి రంధ్రాలున్నాయి. లోపల అంతా బోలు. తీగల కింద రెండు పికప్‌లు. నిజానికి ఇది పాత గిటారు కాదు, పాతవాటి తీరులో చేసినది. ఆ తీరుకు మూలం అమెరికాలో ఉన్నది. ఎఫ్ రంధ్రాలను గిటారుకు తెచ్చినది 1922 నాటి గిబ్సన్ ఎల్-5. బాకాల హోరులో గిటారు వినబడక పోవడంతో, 1936లో అదే కంపెనీ బోలు గిటారుకు అయస్కాంతపు పికప్ బిగించి ఇఎస్-150 అని అమ్మింది. చార్లీ క్రిస్టియన్ అనే యువకుడు దానితో జాజ్ వాద్యబృందంలో గిటారును ముందు వరుసకు తెచ్చాడు. 1942లో ఇరవై అయిదేళ్ళకే కన్నుమూశాడు. ఈ చరిత్ర అంతా తరువాత చదువుకున్నది. ఆనాడు మాకు తెలిసినది శూన్యం.

తెలియనివాడికి ధైర్యం ఎక్కువ. మొదట వేలి కణుపుతో పైచెక్క మీద కొట్టి చూశాము. పనసకుండ మీద కొడితే వచ్చే గుండ్రని మోత రాలేదు. పొట్టిగా, పొడిగా పలికింది. ఎఫ్ రంధ్రం అంచును వెలుతురుకు తిప్పి చూస్తే పొరలు కనబడ్డాయి. ప్లైవుడ్! అప్పటికే మా మనసులో తీర్పు సగం రాసుకున్నాము. దుమ్ము పట్టి ఉన్నదని ఆరు తీగలూ ఒక్కసారే విప్పి, తడిగుడ్డతో పైచెక్క శుభ్రంగా తుడిచాము. తీగలు వదులుకాగానే వాటి కింద ఉన్న నల్లకొయ్య పీట ఊడి చేతిలోకి వచ్చింది. విరిగినదేమోనని ఒక క్షణం గుండె ఆగింది. విరగలేదు, అది అతికించినది కానే కాదు. దాన్ని ఉజ్జాయింపుగా నడుమ పెట్టి తీగలు బిగించాము.

కుర్రవాడు శ్రుతి చేసి వాయించాడు. మెట్టు నొక్కకుండా మీటితే బాగున్నది. పైమెట్లకు పోయినకొద్దీ స్వరం పక్కకు జరిగిపోతున్నది. రెండు తీగలు కలిపి మీటితే పళ్ళు పులిసినట్లున్నది.

“చెక్క ప్లైవుడ్. స్వరం నిలవడం లేదు. నాలుగు వేలు వస్తే ఇచ్చెయ్యి నాయనా” అన్నాము.

అతడు తల వంచుకుని పెట్టె మూశాడు. గుమ్మం దాకా వెళ్ళి, “అబ్బాజాన్ వాయిస్తే ఇట్లా ఉండేది కాదు సార్” అని, మాతో వాదించినట్లవుతుందేమోనని వెంటనే “వేలి పనితనం అయ్యుంటుంది లెండి” అని సర్దుకున్నాడు.

ఆ మాట రాత్రి నిద్ర పట్టనీయలేదు. వేలి పనితనం ఎంత గొప్పదైనా మెట్టు ఉన్నచోటే కదా స్వరం! మరునాడు శనివారం. ఆ గిటారు అడిగి తీసుకుని ఆగిరిపల్లి మీదుగా పోయే బస్సెక్కాము. కండక్టరు పెట్టెకు లగేజీ టిక్కెట్టు కొట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, చివరకు “సంగీతమా?” అని అడిగి వదిలేశాడు.

మా వీధి చివరి చాచా ఇప్పుడు పెద్దపని చేయడం లేదు. కళ్ళు సహకరించడం లేదు. కొడుకు చేసిన వీణలకు చివరి చెవి మాత్రం ఆయనదే. ముస్లిం చేసిన వీణ సరస్వతి ముందు మోగుతుందని కొందరు వింతగా రాస్తుంటారు. ఇందులో వింత ఏమున్నది? కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరానికి 1977లో పద్మశ్రీ వచ్చింది. బుర్రకథ చెప్పిన షేక్ నాజర్‌కు 1986లో వచ్చింది. నాదం ఎవరి ఇంట్లో పుట్టినదని ఈ నేల ఎన్నడూ పెద్దగా విచారించలేదు.

చాచా గిటారును ఒళ్ళోకి తీసుకున్నారు. కరెంటు సంగతి అడగలేదు. ఒక తీగ మీటి, గిటారు పక్కచెక్కను చెవికి ఆనించి, మోత ఆరిపోయేదాకా కూర్చున్నారు. ఒక్కొక్క తీగనూ అట్లాగే విన్నారు. తరువాత మెడను కంటికి ఎదురుగా పెట్టి బాణం సరిచూసుకునే వానివలె చూశారు. ఒక తీగను మొదటిమెట్టు దగ్గర, చివరిమెట్టు దగ్గర నొక్కమని మాకు చెప్పి, నడిమి మెట్టుకూ తీగకూ మధ్య ఉన్న సందును గోటితో తడిమారు. “మెడ వంగలేదు” అన్నారు. ఆఖరున నల్లకొయ్య పీట మీద వేలు పెట్టి నవ్వారు.

“గుర్రాన్ని ఎవరు కదిల్చారు మాస్టారూ?”

వీణ మీద తీగలను మోసే పీటను గుర్రం అంటారు. చిన్ననాడు నూరుసార్లు విన్న మాట. గిటారు మీద దాన్ని గుర్తుపట్టలేకపోయాము. “మేమే” అన్నాము.

చాచా లోపలికి కేకవేసి దారం తెప్పించారు. తలదగ్గర తీగలు ఆనే పట్టీ నుంచి పన్నెండవ మెట్టు వరకు దారం పట్టి, అంతే పొడుగు మళ్ళీ పన్నెండవ మెట్టు నుంచి కిందికి పట్టారు. దారం కొస మేము పెట్టిన గుర్రానికి దాదాపు అరంగుళం అవతల పడింది. వీణకు ఇరవై నాలుగు మెట్లు, రెండు స్థాయిలు. అంటే పన్నెండవ మెట్టు మీద తీగ సరిగా సగం కావాలి, పైషడ్జం అక్కడ పలకాలి. గిటారుకూ లెక్క ఇదే. ఇటువంటి గిటార్లలో తీగ పొడుగు సుమారు 24 అంగుళాల ముప్పావు. అందులో పన్నెండవ మెట్టు నుంచి గుర్రం దాకా సగం ఉండాలి. వేలు నొక్కినప్పుడు తీగ కొద్దిగా బిగుస్తుంది కనుక గుర్రం ఆ సగానికి వెంట్రుకవాసి అవతల ఉండాలి. లావు తీగల వైపు ఇంకాస్త అవతలకు. అందుకే గుర్రం కొంచెం ఏటవాలుగా నిలుస్తుంది.

చాచా మనవడు ఫోన్ లైటు వేసి పైచెక్క మీద వంగాడు. “తాతా, ఇక్కడ గీత ఉంది.”

లావు తీగల వైపు, గుర్రం పాదం ఉండవలసిన చోట, సన్నని పెన్సిలు గీత. ఏటవాలుగానే ఉన్నది. తీగలు మార్చేటప్పుడు గుర్రం జారినా మళ్ళీ అక్కడే పెట్టుకునేందుకు ఆ తండ్రి గీసుకున్న గుర్తు. రెండవ వైపూ ఒకటి ఉండి ఉండాలి. అక్కడ మా తడిగుడ్డ తళతళలాడించిన చెక్క తప్ప ఏమీ లేదు.

గుర్రాన్ని ఆ ఒక్క గీతకు ఆనించి, రెండవ వైపు చెవితో సరిచేశారు. పన్నెండవ మెట్టు పైన తీగను నొక్కకుండా తాకీతాకనట్లు మీటితే వచ్చే సన్నని నాదమూ, అదే మెట్టు నొక్కి మీటిన స్వరమూ ఒకటయ్యేదాకా జరిపారు. కలిసిన క్షణం మాకు కూడా తెలిసింది. పళ్ళు పులియడం ఆగిపోయింది.

“మరి ప్లైవుడ్ మాటేమిటి చాచా?” అని ఇంకా వదలక అడిగాము.

“నేను ప్లైవుడ్‌తో వీణ చేయను. ఇది వీణ కాదు కదా. దీని పని ఏమిటో చేసినవాడిని అడగాలి” అన్నారు.

చేసినవాడిని అడగలేము గాని చదవగలము. పికప్ బిగించిన బోలు గిటారుకు ఒక జబ్బు ఉన్నది. స్పీకరు నుంచి వచ్చిన శబ్దం బోలు పెట్టెను కదిలిస్తుంది, పెట్టె తీగను కదిలిస్తుంది, తీగ కదలికను పికప్ మళ్ళీ స్పీకరుకు పంపుతుంది. ఆ చక్రం తిరిగి తిరిగి కూత అవుతుంది. చెక్క ఎంత తేలికగా మోగితే కూత అంత తొందరగా పుడుతుంది. 1949లో గిబ్సన్ వారు ఇఎస్-175ను మేపుల్ పొరలు అతికించిన చెక్కతోనే చేశారు. గట్టిగా, బిగువుగా ఉండే ఆ చెక్క కూతకు తొందరగా లొంగదు. ఖరీదూ తగ్గింది. జాజ్ వాయించేవారు దశాబ్దాలుగా దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1958లో ఇఎస్-335కు నడుమ దిమ్మె పెట్టి కూతను మరింత అణిచారు. అయినా బి.బి. కింగ్ ఎఫ్ రంధ్రాలలో గుడ్డలు కుక్కి వాయించేవాడు. తరువాత ఆయన కోసం చేసిన గిటారుకు ఆ రంధ్రాలే తీసివేశారు. అంటే మేము దోషమని చెప్పినది ఆ జాతి గిటారుకు లక్షణం. పైగా కృష్ణా డెల్టా ఉక్కలో, మే నెల మంటలో పొరల చెక్క ఒంటిచెక్క కన్న తక్కువగా ఉబ్బుతుంది, తక్కువగా పగులుతుంది.

ఇంకొక సంగతి మాకు చాలా నచ్చింది. వీణకు కాంటాక్ట్ మైకు అతికిస్తే అది చెక్క కదలికను వింటుంది. గిటారు పికప్ అట్లా కాదు, అయస్కాంతం కనుక ఉక్కు తీగనే వింటుంది. అయితే ఆ తీగ ఎంతసేపు మోగాలో, ఏ స్వరం ముందు ఆరిపోవాలో చెక్క చెబుతుంది. చాచా కరెంటు లేకుండా విన్నది ఆ చెప్పడాన్నే.

ఆ సాయంత్రమే విజయవాడ చేరి గవర్నరుపేటలో ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒకాయనకు చూపించాము. మీటరు పెడితే రెండు పికప్‌లూ ఎనిమిది కిలో ఓముల దరిదాపుల్లో చూపించాయి, ప్రాణంతోనే ఉన్నాయి. స్విచ్చిలో మట్టి చేరి ఒకటి వినబడటం లేదు. బోలు గిటారుకు వెనుక మూత ఉండదు, స్విచ్చిని ఎఫ్ రంధ్రంలో నుంచే బయటకు లాగాలి. ఆయన దానికి పూలు కట్టే దారం ముడివేసి లోపలికి వదిలాడు. శుభ్రం చేశాక ఆ దారం పట్టుకునే దాన్ని తిరిగి దాని కన్నంలోకి తెచ్చుకున్నాడు. లావు తీగలు నీరసంగా పలకడానికి కారణం కూడా ఆయనే చెప్పాడు. ఎవరో మామూలు గిటారుకు వేసే కంచుచుట్టు తీగలు వేశారు. కంచును అయస్కాంతం పట్టించుకోదు. నికెల్ చుట్టినవి వేయగానే ఆరు తీగలూ ఒక్క ఎత్తులో పలికాయి.

లోపాలు లేవని కాదు. మొదటి మూడు మెట్లు బాగా అరిగాయి. పికప్ మీద గోటితో తడితే ఆ చప్పుడు స్పీకరులో వినబడుతున్నది, శబ్దం పెంచితే కీచుమంటున్నది. చుట్టను మైనంలో సరిగా ముంచకపోతే అంతేనట. నూజివీడు మైనం ఇక్కడా గుర్తుకు వచ్చింది. మొత్తం మీద ఉత్తమం కాదు, మంచి మధ్యమం. నాలుగు వేల వస్తువు మాత్రం కాదు.

ఆదివారం ఉదయం కుర్రవాని ఇంటికి వెళ్ళాము. “మేము చెప్పినది తప్పు బాబూ. గుర్రాన్ని కదిల్చినదీ మేమే, మీ నాన్నగారి గీత తుడిచినదీ మేమే” అన్నాము. అతడు రెండవ మాట దగ్గర తలెత్తి చూశాడు. ఏమీ అనలేదు. తల్లి తలుపు చాటు నుంచి “టీ తాగి వెళ్ళండి సార్” అన్నారు. నాలుగు వేల ఆసామీ వచ్చి, ప్లైవుడ్ అని మళ్ళీ పాట ఎత్తుకున్నాడు. ఈసారి ఆ పాటకు మా వంత లేదు.

నెల తిరగకుండా బందరు నుంచి ఒక ఆర్కెస్ట్రా గిటారిస్టు వచ్చాడు. ఆయన పెట్టె తెరవగానే ఆంప్లిఫయరు వైపు చూడకుండా తీగ మీటి పక్కచెక్కకు చెవి ఆనించినప్పుడు మాకు ధైర్యం వచ్చింది. అరిగిన మెట్లకు రెండు వేలు తగ్గించుకుని పదహారు వేలిచ్చాడు. డబ్బు లెక్కపెట్టి తల్లికి ఇచ్చాక కుర్రవాడు “ఒక్క నిమిషం అన్నా” అని గిటారును మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. చొక్కా జేబులోని పెన్సిలు తీసి, సన్నతీగల వైపు, గుర్రం పాదం పక్కన గీత గీసి ఇచ్చాడు.