కత్తిరించిన అట్ట

9-11-2024, శనివారం, రాత్రి

ఆరాధన దగ్గర పడింది. హరిదాసు విజయదాసులు 1755లో ఈ చిప్పగిరిలోనే పోయినారు కాబట్టి, కార్తీక శుద్ధ దశమి వస్తే ఊరికి పండగ, నా మెడికల్ షాపుకు గిరాకీ. బళ్ళారి, రాయచూరు దిక్కునుంచి జనం దిగుతా ఉన్నారు. వచ్చినవాళ్ళలో సగంమంది అడిగేది షుగరు బిళ్ళలే. ఇంట్లో మరిచి వచ్చింటారు. "తెల్లగా, చిన్నగా ఉంటుందప్పా, పొద్దున మింగేది" అంటారు. తెల్లగా చిన్నగా ఉండేవి నా అరల్లో ఎన్ని రకాలున్నాయో నాకే లెక్క లేదు. ఒకాయన మాత్రం ఇంటికి ఫోను కలిపి కూతురి చేత అట్ట వెనక ఉండే పేరు చదివించినాడు. ఒక్కొక్క అక్షరం పలికింది ఆ పిల్ల. అట్లాంటి కూతురు అందరికీ ఉండదు.

చీకటి పడినాక మా వీధి చివర అవ్వ వచ్చింది. ఎప్పటి మాదిరే పది బిళ్ళల అట్టలో అయిదు కత్తిరించి ఇమ్మంది. షాపు నిండా జనం. ఇచ్చి పంపినాను.

11-11-2024, సోమవారం

దశమి. విజయదాసుల కట్ట కాడ పొద్దున్నుంచి భజన, మధ్యాహ్నం భోజనాలు. సాయంత్రం ఒక పెద్దమనిషి వచ్చి, "పాయసం రెండు మార్లు వేయించుకుంటినప్పా, ఇంకో బిళ్ళ మింగితే సరిపోతుందా?" అన్నాడు. బిళ్ళంటే ఆయన లెక్కలో జుల్మానా. తప్పు చేస్తే కట్టేస్తే అయిపోతుంది.

వద్దని చెప్పి పంపించినాను గానీ, ఎందుకు వద్దో చెప్పే తీరిక లేకపోయింది. ఆయన చీటీలో రెండు మందులున్నాయి. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం మీద పని చేస్తుంది, అది రక్తంలోకి వదిలే చక్కెరను తగ్గిస్తుంది. అదొక్కటే వాడేవాళ్ళకు చక్కెర మరీ కిందికి పడిపోవడం అరుదు. ఎక్కువ మింగితే కడుపు చెడి చెంబు పట్టుకొని తిరగాల. గ్లిమెపిరైడ్ అట్ల కాదు. క్లోమాన్ని పొడిచి పొడిచి ఇన్సులిన్ తీయిస్తుంది. నువ్వు తింటివా లేదా అని అడగదు. ఈ రెండూ ఒకే బిళ్ళలో కలిసి వస్తాయి కాబట్టి జనానికి రెండూ ఒకటే, "షుగరు బిళ్ళ".

12-11-2024, మంగళవారం. రాత్రి పదకొండు

చేతులు ఇంకా కుదురుకోలేదు.

మధ్యాహ్నం మూడు దాటింటుంది. అవ్వ కోడలు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకుంటా వచ్చింది. "అన్నా, అత్త ఏందేందో మాట్లాడతాంది. రైకంతా చెమటకు తడిసిపోయింది." గ్లూకోమీటరు ఎత్తుకొని పోయినాను. 41. 70కి తగ్గితేనే తక్కువ కింద లెక్క, 54 కిందికి పోతే ప్రమాదం.

ఏకాదశని పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదంట. బిళ్ళ మాత్రం మింగింది. "ఒక్క దినం కూడా మానొద్దన్నారు కదన్నా" అనింది కోడలు. ఆ మాట నేను కూడా అందరికీ చెప్తా ఉంటాను. తప్పు మాట కాదు. పస్తున్న దినం ఏం చేయాలో దాని పక్కన ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి నోటి కాడికి పెడితే అవ్వ పళ్ళు బిగించింది. "ఏకాదశి రా." తెలివి ఉంది, మింగగలదు, అది మేలు. తెలివి తప్పినవాళ్ళ నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గ్లాసులో ఒక తులసి దళం వేసి "తీర్థం అవ్వా" అన్నాను. తాగింది. పదహైదు నిమిషాలు కాసుకొని చూస్తే 63. ఇంకొక గ్లాసు తీర్థం. 88. కళ్ళు తెరిచి, "యాల ఇంతమంది వచ్చినారు?" అనింది.

అవ్వకు బీపీకి అటెనొలాల్ కూడా ఉంది. అది గుండెదడను, చేతుల వణుకును కప్పేస్తుంది, చెమటను కప్పలేదు. ఆ చెమట చూసే కోడలు నా కాడికి వచ్చింది.

లేచి కూర్చుంది కదా, ఇంక ఆసుపత్రి ఎందుకన్నారు ఇరుగుపొరుగు. నేను ఒప్పుకోలేదు. చక్కెర నీళ్ళు గంటలో అరిగిపోతాయి, బిళ్ళ అరగదు. ఆటోలో గుంతకల్లుకు తీసుకపోతే డాక్టరు సెలైన్ పెట్టి, రాత్రికి ఉంచాలన్నాడు. "గ్లిమెపిరైడ్ ఎంత?" అని అడిగితే, "1 మిల్లీగ్రామే సార్, రెండేళ్ళుగా నేనే ఇస్తాండా" అని గట్టిగా చెప్పినాను.

వచ్చి షాపు తెరిచి, మిగిలిన సగం అట్ట కోసం అరలో చూసినాను. మందు పేరు ఆ సగంలోనే ఉంది. పేరు పక్కన 1 ఉండాల్సిన చోట 2.

పక్కపక్క అరలు, ఒకే రంగు అట్టలు. అవ్వకు పోయిన సగంలో వెండి కాగితమే తప్ప అక్షరం లేదు. ఆమె చదవగలిగినా చదివేదానికి ఏమీ లేదు.

డాక్టరుకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. కాసేపు పలకలేదు. "చెప్పి మంచి పని చేసినావు. రెండు గంటలకొకసారి చూస్తాంలే" అన్నాడు.

13-11-2024, బుధవారం

రాత్రి రెండింటికి మళ్ళీ 58కి పడిందంట. మూత్రపిండాలు కొంచెం నీరసించినాయి, అందుకే మందు ఒంట్లోనుంచి తొందరగా పోలేదన్నాడు డాక్టరు. క్షీరాబ్ది ద్వాదశి పారణ ఆసుపత్రి మంచం మీదే అయింది, ఇడ్లీతో.

14-11-2024, గురువారం

ఈ దినం ప్రపంచ మధుమేహ దినం. ఇన్సులిన్ కనుక్కున్నవాళ్ళలో ఒకడైన బాంటింగ్ పుట్టిన దినం. నాకు మాత్రం డి.ఫార్మసీలో మా సారు చెప్పిన వేరే కథ గుర్తుకొచ్చింది. 1942లో ఫ్రాన్సులో, మోంపెలియే ఊర్లో, టైఫాయిడ్ రోగులకు ఒక కొత్త సల్ఫా మందు ఇస్తే కొందరు చెమటలు పట్టి, తెలివి తప్పి పడిపోయినారు. కొందరు పోయినారు కూడా. చూస్తే వాళ్ళ రక్తంలో చక్కెర పడిపోయింది. లూబాతియేర్ అనే ఆయన దాని వెంట పడి, ఆ జాతి మందు క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుందని తేల్చినాడు. గ్లిమెపిరైడ్ ఆ వంశంలోదే. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చినాయి.

అరలు సర్ది, 1 ఒక గోడకు, 2 ఎదురు గోడకు పెట్టినాను.

16-11-2024, శనివారం

ఆలుమగలు ఇద్దరు వచ్చినారు. పత్తి అయిపోతే గుంటూరుకు మిరప కోతకు పోతారంట. మూడు నెలల బిళ్ళలు ఒకేసారి కావాలన్నారు. ఆయనకు మెట్‌ఫార్మిన్ ఒక్కటే. క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నావంటే, అదేంటిది అన్నాడు. ముందు ఆ పరీక్ష చేయించుకొని రమ్మన్నాను. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళు ఆ బిళ్ళ వాడకూడదు. "కోత కాడ వాంతులు, బేదులు పట్టుకుంటే ఆ రెండు దినాలు బిళ్ళ ఆపి డాక్టరు కాడికి పోవల్ల" అని కూడా చెప్పినాను. ఆమె, "డాక్టరు కాడికి పోతే ఆ దినం కూలి ఎవరిస్తారన్నా?" అనింది. నా కాడ జవాబు లేదు.

17-11-2024, ఆదివారం

అయిదు దినాలు ఆ ఇంటి ముందరనుంచి తలొంచుకొని పోయినాను. ఈ పొద్దు ఆ సగం అట్ట జేబులో పెట్టుకొని పోయినాను.

అవ్వ అరుగు మీద కూర్చొని బొరుగులు తింటాంది. డాక్టరు గ్లిమెపిరైడ్ తీసేసి, మెట్‌ఫార్మిన్ కొంచెంగా, అన్నం తిన్నాక వేసుకోమన్నాడంట. ఏకాదశికి ముందు దినం తనను అడగమన్నాడంట. అట్ట తీసి చేతిలో పెట్టి, జరిగింది చెప్పినాను. కోడలు గడప మీదనే నిలబడిపోయింది.

అవ్వ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. "స్వామి పరీక్ష పెట్టినాడనుకుంటి. నువ్వేనా నాయనా పెట్టింది?"

నేనేమీ అనలేదు.

"తీర్థంలో కూడా చక్కెర కలిపితివి. కోడలు చెప్పిందిలే." ఒక గుప్పెడు బొరుగులు నా చేతిలో పోసింది. "ఇంగ సగం సగం కత్తిరించి ఇయ్యొద్దు. అట్ట అట్టంతా ఇయ్యి. దుడ్లు చాలకపోతే బాకీ రాసుకో."