తాబేలు తలపు

చేప చూపుతో, పక్షి స్పర్శతో, తాబేలు తలపుతో పిల్లల్ని పెంచుతాయని మన పెద్దలు చెప్పే మాట. గుడ్లను ఒడ్డు ఇసుకలో దాచి సముద్రంలోకి వెళ్లిపోయిన తాబేలు ఎక్కడ ఈదుతున్నా వాటినే తలుచుకుంటూ ఉంటుందట. ఆ తలపుతోనే గుడ్లు పిల్లలవుతాయట. గురువు దూరాన ఉండి శిష్యుణ్ణి కాపాడే తీరుకు దీన్ని పోలికగా చెప్తారు. బరంపురంలో మా ఇంటి అరుగు మీద ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పినవారిలో ఒక్కరైనా గంట ప్రయాణం చేసి ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లి తాబేలును చూసినవారు కారు. నేను చూశానంటే అది ఉద్యోగం పుణ్యం.

నేను చదివింది బి.కాం. జీవశాస్త్రంతో పరిచయం పదో తరగతితో సరి. గంజాం జిల్లాలో ఒక బ్రాంచిలో పనిచేస్తున్నప్పుడు తీరగ్రామాల మహిళా సంఘాల అప్పుల పని నా మీద పడింది. గోఖరకుడ, పొడంపేట వంటి ఊళ్లలో చేపలవేట చేసేవారు మనవాళ్లే. ఒడియావారు వాళ్లను నోళియాలంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఫారం మీద సంతకం ఒడియాలో చేసి, అందులో ఏముందో నన్ను తెలుగులో అడిగేవారు. పాత పొడంపేటలో చాలా భాగాన్ని సముద్రం కోసేసింది. జనం లోపలికి తరలిపోయారు. ఊరు జరిగినా పేరులోని పేట మాత్రం జరగలేదు.

2023 ఫిబ్రవరి చివర్లో, సంఘం పెద్దగా ఉండే ఒకామె (నాకంటే పెద్దది, నేను అప్పా అని పిలిచేదాన్ని) 'తాబేళ్లు పడ్డాయమ్మా, సాయంత్రం ఉండిపో' అంది. ఆ యేడు ఋషికుల్య దగ్గర 6 లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయని తర్వాత పేపర్లో చదివాను. ఆ రాత్రి నాకు తెలిసింది అంకె కాదు, చప్పుడు. దక్షిణపు గాలి వీస్తోంది. దీపాలు లేవు. కంచెకు ఇవతల నిలబడి చూస్తే, ఒడ్డంతా నల్లని బోర్లించిన బాన్లు కదులుతున్నట్టుంది. వాటిలో ఒకటి మాకు నాలుగు గజాల దూరంలో ఆగింది. వెనక కాళ్లను చేతుల్లా వాడుతూ, కూజా ఆకారంలో గొయ్యి తవ్వింది. ఒక కాలు ఇసుక తీస్తుంటే రెండో కాలు దానికోసం కాచుకుని ఉంది. అందులో వందకు అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. కళ్లనుంచి ధారగా నీరు. ఏడుపు కాదట, ఒంట్లోని ఉప్పును అలా బయటికి పంపుతుందట. గొయ్యి పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డొప్పతో ఇసుకను దిమ్మిసా కొట్టినట్టు కొట్టింది. ధబ్, ధబ్. ఒడ్డు పొడుగునా అదే చప్పుడు. ఆ తర్వాత సముద్రంకేసి తిరిగి వెళ్లిపోయింది.

పట్నం నుంచి వచ్చిన ఒకావిడ 'ఏం తల్లి ఇది, కని పారేసి పోతోంది' అన్నారు. అప్ప ఊరుకోలేదు. 'పారీడమేటమ్మా? ఎక్కడ తవ్వాలో సూసుకుంది, కప్పింది, తొక్కింది, అప్పుడు గదా ఎల్తంది! మాం కూలికెల్లినప్పుడు పిల్లల్ని ఇంత బాగా సద్ది ఎల్తామా?' అంది.

ఆ మాట నాకు బాగా పట్టింది. 1998లో మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు దొరికిన సెలవు మూడు నెలలు. నాలుగో నెలలో నూట యాభై కిలోమీటర్ల అవతల బ్రాంచిలో చేరాను. బిడ్డ మా అమ్మ దగ్గర. శనివారం రాత్రి రావడం, సోమవారం తెల్లవారకముందే రైలెక్కడం. 'బిడ్డ కంటే ఉద్యోగం ఎక్కువా?' అని అడిగినవారున్నారు. మావారు ఇంకో ఊళ్లో పనిచేసేవారు. ఆయన్ని ఎవరూ అడగలేదు. నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. పాలడబ్బాలు, మందుల చీటీ, డాక్టరు ఇల్లు ఎక్కడో గుర్తులు, అన్నీ అమర్చి వెళ్లేదాన్ని. మిగతాదంతా మా అమ్మ చేసింది. తలపు నాది, చాకిరీ ఆమెది. అటువంటి చాకిరీకి ఏ ఖాతాలోనూ పద్దు ఉండదు.

తాబేలు గుడ్ల సంగతీ అంతే. వాటిని పొదిగేది ఇసుకలోని వేడి. సుమారు 45 నుంచి 55 రోజులు పడుతుంది. ఇసుక ఎక్కువ వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి. రాత్రిపూట బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న వైపు నడుస్తాయి. ఒకప్పుడు ఒడ్డున సముద్రం తప్ప మరో వెలుగు లేదు. ఇప్పుడు వీధిదీపాలు, ఫ్యాక్టరీ దీపాలు. అందుకని ఊళ్లో దీపాలార్పి, దారితప్పిన పిల్లల్ని బకెట్లలోకి ఏరి నీటి దగ్గర వదిలేది ఈ ఇళ్ల ఆడవాళ్లూ కుర్రాళ్లే. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందని అంచనా. ఏ బ్యాంకూ ఇటువంటి వసూలును నమ్మి అప్పివ్వదు.

ఖర్చు మాత్రం వీళ్ల మీదే. నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య ముఖద్వారాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఏడు నెలలు. అప్పు వాయిదాలు మాత్రం పన్నెండు నెలలూ. తాబేలు గాలి పీల్చడానికి పైకి రావాలి. ట్రాలరు వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. చచ్చినవి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ట్రాలరు పెద్దది, దాని యజమాని ఎక్కడో ఉంటాడు. చిన్న పడవవాడు ఊళ్లోనే ఉంటాడు, సులభంగా దొరుకుతాడు. తాబేలును కాపాడాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. ఆ బిల్లు మోసేవాడెవడన్నదే నా గొడవ. వాయిదాలను వేట సాగే నెలలకు సర్దమని మూడు సంఘాల తరఫున పైకి రాశాను. రెండింటికి ఒప్పుకున్నారు.

ఇక్కడ తాబేళ్లు ఇలా గుంపుగా గుడ్లు పెడతాయని శాస్త్రవేత్త బివాస్ పాండవ్ 1994లో లోకానికి చెప్పారు. అప్ప వాళ్ల తాతలకు అది కొత్త సంగతి కాదు. 2024లో అవి గుంపుగా రానేలేదు. 2025లో 7 లక్షల దాకా వచ్చాయి. ఎందుకు రాలేదో, ఎందుకు వచ్చాయో వాటికే తెలియాలి.

అదే 2025లో మా అమ్మాయి పుణె నుంచి ఫోను చేసి, 'అమ్మా, మీ ఒడిశా తాబేలు మా మహారాష్ట్రలో గుడ్లు పెట్టిందట' అంది. నిజమే. 2021లో గహీరమఠ దగ్గర కాలికి బిళ్ల తగిలించిన తాబేలు కొంకణ తీరాన గుహాగర్‌లో కనిపించింది. శ్రీలంకను చుట్టి వెళ్లిందో, రామేశ్వరం సందున దూరిందో. మరుసటి వారం అప్పకు ఈ కబురు చెప్పాను. ఆమె దూరం గురించి అడగలేదు.

'అక్కడ ఆ గుడ్లని ఎవులు సూస్తారమ్మా?' అంది.

అక్కడా ఊరివాళ్లే, గుడ్లను తీసి దడి కట్టిన చోట పాతి కాపలా కాస్తారని చెప్పాను.

'ఆళ్లకీ అప్పులున్నాయేటి?' అంది.