రెండంగుళాల వైరు

పాత అంబాసిడర్ డెల్కో, అదే డిస్ట్రిబ్యూటర్, మూత తీస్తే ఒక వాసన వస్తుంది. కాలిన బేకలైటు, ముదిరిన గ్రీజు, వానలో కరెంటు స్తంభం దగ్గర ముక్కుకు తగిలే ఘాటు, మూడూ కలిసిన వాసన. మా తమ్ముడి కొడుక్కి అదంటే మహా ఇష్టం. 50 ఏళ్ళు దాటిన బండ్లకు కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల కింద మా మార్క్ 2కి 'వీఏ' అక్షరాల నంబరు పలక తెప్పిస్తానని తిరుగుతున్నాడు. "వింటేజ్ కారు పెదనాయనా" అంటాడు. మా నాయన ఉంటే నవ్వేవాడు. ఆయన కొనేటప్పటికే అది మూడు చేతులు మారిన బండి.

నాకు మాత్రం ఆ వాసనతో పాటు 1989 జనవరి గుర్తొస్తుంది.

అప్పుడు నేను అనంతపురంలో ఇంజనీరింగు మూడో సంవత్సరం. సంక్రాంతి సెలవులకు ఎమ్మిగనూరు వచ్చాను. నీలకంఠేశ్వరుడి జాతర దగ్గరపడింది. ఆదోని రోడ్డంతా సంతకు నడిచొచ్చే ఎద్దులే. ముఖాన గుండ్రటి బొట్లు, మెడలో గంటలు. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు మాది. తెల్లారకముందే వీధిలో మగ్గాలు మోగేవి. నాయన దుప్పట్లు, తువ్వాళ్ళు కారు డిక్కీలో నింపుకొని ఆదోని అంగళ్ళకు వేసేవాడు. మరమగ్గం సరుకు చవగ్గా దొరుకుతోందని అప్పటికే అంగళ్ళవాళ్ళు ఆయన్ను గంటలకొద్దీ కూర్చోబెడుతున్నారు. ఆ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు.

బండి మిస్సవుతోంది. ఊళ్ళో మెల్లగా పోతే బాగుంటుంది. రోడ్డెక్కి సమంగా పోతుంటే దగ్గు, కుదుపు, తర్వాత మౌనం. ఓ రోజు నల్లరేగడి చేల మధ్య పూర్తిగా నిలిచిపోయింది. బండ్ల మీంచి ఎగిరిన పత్తి కంపచెట్లకు అంటుకొని ఉంది. నాయన దిగి, పంచె ఎగగట్టి, ఏమీ అనకుండా ఎద్దులకు దారి ఇస్తూ నిలబడ్డాడు.

నేను మాత్రం చాలా మాట్లాడాను. కాయిలు 12 వోల్టుల కరెంటును వేల వోల్టులకు ఎలా పెంచుతుందో, పాయింట్లు విడిన క్షణాన ప్లగ్గులో నిప్పురవ్వ ఎలా పుడుతుందో, ఆ విడివడే చోటే రవ్వ రేగకుండా కండెన్సర్ ఎలా కాపు కాస్తుందో నడిరోడ్డు మీద పాఠం చెప్పాను. చివర తీర్పు కూడా ఇచ్చేశాను: "కండెన్సర్ పోయింది నాయనా. నీ మిస్త్రీ పాతది కడిగి వేసి కొత్తదాని డబ్బు తీసుకున్నాడు."

మా ఊరి మిస్త్రీ మామ పది రోజుల కిందటే కండెన్సర్ మార్చాడు. నాయన ఆయన షెడ్డుకు పోయి ఏం అడిగాడో నాకు తెలియదు. తిరిగొచ్చాక అన్నం సరిగ్గా తినలేదు. ఆ తర్వాత ఆ షెడ్డు వైపు పోలేదు.

సెలవులన్నీ నేనే రిపేరు చేశాను. కొత్త కండెన్సర్, కొత్త ప్లగ్గులు, ఆఖరికి కాయిలు కూడా. ప్లగ్గుల గ్యాపుకు హ్యాక్సా బ్లేడు, పాయింట్లకు పెళ్ళిపత్రిక అట్ట. విప్పిన పాయింట్లు పలక రంగులో శుభ్రంగా ఉన్నాయి. కండెన్సర్ చెడితే పాయింట్లు కాలిపోవాలి. ఆ ముక్క నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. కళ్ళెదురుగా ఉన్నా చూడలేదు. బండి మిస్సవుతూనే ఉంది.

ఆదోనిలో జిన్నింగు మిల్లుల వైపు ఒక ముసలి సాయిబు షెడ్డు ఉండేది. చాచా అనేవాళ్ళం. అసలు పేరు అప్పుడు తెలుసో లేదో, ఇప్పుడైతే గుర్తు లేదు. ముఖం కూడా చెరిగిపోయింది. బొటనవేలి గోరు నల్లగా చీలి ఉండేది, అదొక్కటే కనబడుతుంది. చివరికి నాయనా నేనూ బండి అక్కడికే తీసుకుపోయాం. నేను మార్చిన సామాన్ల జాబితా అంతా విని చాచా ఒక్క మాట అడిగాడు.

"ఎత్తు ఎక్కేటప్పుడు ఆగుతాదా బేటా, సమంగా పోయేటప్పుడా?"

ఎత్తు మీద బ్రహ్మాండంగా లాగుతోంది. ఆ సంగతి నాకు తెలుసు. పనికిరాని వివరం అని వదిలేశాను.

చాచా డెల్కో మూత తీశాడు. పాయింట్లు కలిసేదాకా ఇంజను తిప్పాడు. కాయిలుకు పోయే వైరు ఊడదీసి, బ్యాటరీ నుంచి చిన్న బల్బు గుండా డెల్కోకు కరెంటిచ్చాడు. బల్బు వెలిగింది. తర్వాత కార్బురేటర్ దగ్గర సన్నటి వాక్యూం పైపు ఊడబెరికి, కొస నోట్లో పెట్టుకొని గట్టిగా పీల్చాడు. డెల్కో లోపల పాయింట్ల ప్లేటు రవంత జరిగింది. బల్బు ఆరిపోయింది. వదిలితే వెలిగింది. మళ్ళీ పీల్చాడు. ఆరిపోయింది. పెట్రోలు కంపుకు తుపుక్కున ఉమ్మి నవ్వాడు.

సమంగా పోయేటప్పుడే ఆ పైపు ప్లేటును లాగుతుంది. పెడల్ పూర్తిగా తొక్కి ఎత్తు ఎక్కితే వదిలేస్తుంది. ప్లేటు జరిగినప్పుడల్లా దాంతో పాటు వంగే వైరు ఒకటుంది. రెండంగుళాలు ఉంటుందేమో. పై తొడుగు చెక్కుచెదరలేదు. నాయన దాన్ని అడిగి తీసుకొని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. మగ్గం మీద పెరిగిన మనిషి.

"లోపల పోగులు తెగినాయిరా. ఇక్కడ మెత్తగా ఉంది సూడు."

నేను నలిపితే ఏమీ తెలియలేదు. తెలిసినట్టు తలాడించాను. చాచా ఏదో పాత డెల్కోలోంచి మెత్తటి వైరు తీసి అతికాడు. ఎంత తీసుకున్నాడో గుర్తు లేదు. నేను కొన్న కాయిలు ధర మాత్రం నాయన చాలా ఏళ్ళు గుర్తు పెట్టుకున్నాడు.

తిరుగు దారిలో నేనే నడిపాను. టాప్ గేరులో బండి ఒక్క దగ్గు లేకుండా వచ్చింది. పొద్దు కుంకుతోంది. ఊరి మొదట్లో మిస్త్రీ మామ షెడ్డు. ఆయన లారీ కిందనుంచి జరిగి, మా ఇంజను చప్పుడు గుర్తుపట్టాడేమో, మసి చెయ్యి పైకెత్తాడు.

"ఆపురా" అన్నాడు నాయన.

"వద్దు నాయనా, ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదో" అన్నాను.

సెల్ఫ్ ఒక్క తిప్పుకే అందుకుంటుందని ఇద్దరికీ తెలుసు. నాయన మళ్ళీ చెప్పలేదు. నేను యాక్సిలరేటర్ తొక్కాను.