సొమ్ము మనది, తాళం వాళ్లది

పిల్లలు అమెరికాలో ఉన్న ఇంట్లో పెద్దాయన చేతిలోని ఫోను చాలాసార్లు కొడుకో కూతురో వాడి వదిలేసిందే. వాళ్లు కొత్తది కొంటారు గానీ పాతది పారేయడానికి మనసొప్పదు. సంక్రాంతికి వచ్చేవాళ్ల పెట్టెలో బాదంపప్పు, చాక్లెట్ల మధ్య అది రాజాం చేరుతుంది. అద్దం మీద గీతైనా ఉండదు. నాన్నగారు మురిసిపోతూ తన సిమ్ వేస్తారు. తెర మీద ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని పడుతుంది. “ఏటిది? లచ్చ రూపాయల పోనంటారు, నా సిమ్ము ఒద్దంటాది!” అని ఇంట్లో పంచాయితీ మొదలు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో రిపేరు కొట్టు కుర్రాడు ఫోను చూడగానే రోగం చెప్పేస్తాడు. “కేరియర్ లాకండి బాబూ. ఆళ్ల సిమ్ముకే పలుకుతాది.”

అమెరికా కంపెనీలు ఫోన్లను ఎక్కువగా వాయిదాల మీద ఇస్తాయి. బాకీ తీరేదాకా వేరే సిమ్ పనిచేయకుండా తాళం వేస్తాయి. అప్పిచ్చినవాడి జాగ్రత్త అది, తప్పుపట్టలేం. కొన్ని కంపెనీలు బాకీ తీరాక కూడా అడిగితే గానీ తాళం తీయకపోవడం దగ్గరే పేచీ. సంతలో ఎద్దుకి డబ్బు మొత్తం లెక్కపెట్టి ఇచ్చాక కూడా ముకుతాడు అమ్మినవాడే పట్టుకుంటానంటే ఊరుకుంటామా?

ఈ కట్టడి మనకూ కొత్త కాదు. 2003లో రిలయన్స్ 501 రూపాయలకే చేతికిచ్చిన సీడీఎంఏ ఫోనులో సిమ్ కార్డే లేదు. నంబరు ఫోన్లోనే ఎక్కించేవారు. కంపెనీ నచ్చకపోతే ఫోను అటకెక్కాల్సిందే. 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్ల ద్వారా మన దేశానికి వచ్చిన ఐఫోన్ 3జీ 8 జీబీది 31,000 రూపాయలు. అంత సొమ్మూ కట్టించుకుని మరీ తాళం వేశారు. 2017లో 1,500 రూపాయల డిపాజిట్టుతో పల్లెపల్లెకూ చేరిన జియోఫోను జియో సిమ్‌కి తప్ప పలకదు. 2011 జనవరి 20 నుంచి నంబరు మారకుండా కంపెనీ మారే వీలు దేశమంతటా వచ్చింది. నంబరు మనతో వస్తుంది. తాళం పడ్డ ఫోను మాత్రం రానంటుంది.

మన వైపు సిమ్ మార్చడం సరదా కోసం కాదు. కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో ఏ టవరు అందితే ఆ సిమ్మే గతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు కరెంటు స్తంభాలు కూలి ఊళ్లకు ఊళ్లు చీకట్లో పడ్డాయి. అలాంటి రోజున ముందు ఏ కంపెనీ టవరు లేస్తే దాని సిమ్ వేసుకుని “బాగున్నాం” అని కబురు చెప్పుకోవాలి. ఒక్క కంపెనీకే కట్టుబడిన ఫోను అప్పుడు టార్చిలైటుకి తప్ప దేనికీ పనికిరాదు.

సిమ్ కింద పల్చటి చిప్పు పెట్టి తాళాన్ని ఏమార్చే ఉపాయమూ ఉంది. ఫోను ఒకసారి అప్‌డేట్ అయిందంటే అది చెడిపోవచ్చు. సరైన తాళంచెవి ఫోను అమ్మిన కంపెనీ దగ్గరే ఉంటుంది. తాళం తీసినంత మాత్రాన సంబరపడిపోకూడదు కూడా. ఇక్కడి 4జీ ఎక్కువగా 3, 5, 40 బ్యాండ్ల మీద నడుస్తుంది. పాత అమెరికా ఫోన్లలో కొన్నిటికి ఇవన్నీ అందవు. జియోకి 2జీ, 3జీ లేవు కాబట్టి ఫోన్లో ఆ నెట్‌వర్కుకి సరిపడే వోల్టీ (4జీ మీదే మాట్లాడే సదుపాయం) లేకపోతే నెట్టు వస్తుంది, మాట రాదు.

అమెరికాలో 2014 ఆగస్టు 1న అప్పటి అధ్యక్షుడు ఒబామా సంతకంతో ఫోను తాళం తీయించుకోవడం చట్టసమ్మతమైంది. కెనడా 2017 డిసెంబరు నుంచి, జపాన్, బ్రిటన్ 2021 చివర్లో, తాళం వేసిన ఫోన్లు అమ్మడమే మాన్పించాయి. న్యాయం అదే. బాకీ ఉన్నంతవరకే అమ్మినవాడి హక్కు, తీరిన మరుక్షణం వస్తువు కొన్నవాడిది.

ఆ న్యాయం అన్ని దేశాలకూ పాకేలోగా, ఫోను పంపే పిల్లలకు ఒక మాట. బాకీ తీర్చి, కంపెనీని అడిగి తాళం తీయించండి. ఐఫోను అయితే సెట్టింగ్స్‌లో జనరల్, ఎబౌట్‌లోకి వెళ్లి కేరియర్ లాక్ ఎదుట ‘నో సిమ్ రెస్ట్రిక్షన్స్’ అని ఉందో లేదో చూడండి. ఆ తర్వాతే పెట్టెలో సర్దండి. అక్కడ మీరు చేయగల పని రాజాంలో మీ నాన్నగారి వల్ల కాదు.